పాత కారవాన్ కొనేటప్పుడు టాప్ ఇనుపదా, ఫైబర్‌దా, రబ్బర్‌దా? కన్నాలు లెక్కపెట్టినంక చెప్పు

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. హన్మకొండల ఉంటున్నవు. అమ్మానాన్న, భార్య, ఇద్దరు పిల్లలు. సెలవులొస్తే లక్నవరం, బొగత, ఆదిలాబాద్ దిక్కు తిరగాలని పాత కారవాన్, అంటే లోపల పండుకునే, వండుకునే ఏర్పాటున్న బండి, ఒకటి కొందామనుకుంటున్నవు. నాలుగు బండ్లు చూసినవు. ఒకటి ట్రావెలర్ వ్యాను, ఫ్యాక్టరీల వచ్చిన ఇనుప టాపే ఉంది. రెండోది లైట్ ట్రక్కు చాసిస్ మీద కట్టిన 16 అడుగుల డబ్బా, అల్యూమినియం రేకు టాప్. మూడోది అసొంటి డబ్బానే, ఫైబర్ టాప్. నాలుగోది కారు వెనక తగిలించుకునే ట్రైలర్, "ఫారిన్ రబ్బర్ టాప్, జిందగీల కురవదు" అని అమ్మేటాయన అన్నడు. వీటిల్ల ఏ టాప్ మంచిదని అడిగినవు.

నేను ఆటోనగర్‌ల బాడీ షెడ్డు పెట్టి 24 ఏండ్లయింది. లారీ క్యాబిన్లు, స్కూలు బస్సులతోని మొదలుపెట్టిన. ఆరేడేండ్ల నుంచి కారవాన్లు కూడా రిపేరుకొస్తున్నయి. తేల్చి చెప్పమంటే ముందే చెప్తున్న: ఇనుము, ఫైబర్ రెండిట్ల ఏది శుభ్రంగ ఉంటే అది తీసుకో. అల్యూమినియం అయితే జాయింట్లు చూసి తీసుకో. రబ్బర్ మన దిక్కు వద్దు, ధర బాగ దిగితే తప్ప. కానీ ఈ ఒక్క ముక్క పట్టుకొని అడ్వాన్సు కట్టకు.

ఎందుకంటే రేకు ఊరికే కురవదు, దానికి మనం పెట్టిన కన్నం కురుస్తది. ఏసీకి 14 ఇంచుల చదరం కోస్తరు. గాలి ఫ్యానుకు ఇంకొకటి. సోలార్ ప్లేట్ల కాళ్లకు పదహారు స్క్రూలు, సామాను క్యారియర్‌కు ఎనిమిది, ఎన్నడో డిష్ పెట్టి పీకేసిన జాగల నాలుగు. ఆ కన్నాలన్నీ బండితోపాటే నీకొస్తయి. అమ్మేటాయనకు కూడా సగం గుర్తుండవు.

2023 జులై ఆఖరి వానలు గుర్తున్నయి గదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, భూపాలపల్లి కాడ మోరంచపల్లె మునిగింది. ఆ వాన వెలిసిన వారానికి ఒకాయన ట్రావెలర్ కారవాన్ పట్టుకొచ్చిండు. వెనక మంచం మీద, సరిగ్గ తల పెట్టే కాడ నీళ్లు పడుతున్నయట. అప్పటికే నాలుగుసార్లు సిలికాన్ కొట్టించిండట. టాప్ ఎక్కి చూస్తే వెనక భాగమంత జున్ను ముక్కలు అతికించినట్టు సిలికానే. చూస్తే అక్కడ ఒక్క కన్నం కూడా లేదు.

కింద సీలింగ్ ప్లై విప్పుదామని స్క్రూడ్రైవర్ పెట్టినం. స్క్రూ తిరుగుతలేదు, గుంజితే ప్లై ముక్కతోనే ఊడొచ్చింది. చేతుల పట్టుకుంటే నానిన అట్ట లెక్క పొరలు పొరలుగ విడిపోయింది, లోపలి పొర నల్లగ, బురద వాసన. దాని వెనక గ్లాస్ ఊల్, పిండితే నీళ్లు కారినయి. ఆ తడి జాడ పట్టుకొని ముందుకు పోతే టాప్ కింది నిలువు పట్టీ మీద ఎర్రటి జంగు గీత కనబడ్డది, పెన్సిల్‌తోని గీసినట్టు సన్నగ. ఏడెనిమిది అడుగులు ముందుకు పోయి, డ్రైవర్ నెత్తి మీది మార్కర్ లైటు కాడ ఆగింది. బొటనవేలంత లైటది. దాని కింది రబ్బరు వాషరు ఎండకు పెళుసై మూడు ముక్కలైంది. ఆయన ఇంటి ముంగట వాలు ఉంది, బండి ఎప్పుడు పెట్టినా వెనక భాగం దిగువకు ఉంటది. ముందు దూరిన నీళ్లు పట్టీ వెంబడి నడిచి మంచం మీద పడ్డయి. వాషరు పది రూపాయలది, నాకు పని మూడు వారాలు పట్టింది.

నీళ్లు పడ్డ చోటు, దూరిన చోటు ఒకటే కావు. ఇది మనసుల పెట్టుకొని ఒక్కో టాప్ సంగతి చూద్దాం.

ఇనుప టాప్‌కు పెద్ద బలం మన ఊరే. ఏ టింకరింగ్ షెడ్డుకు పోయినా పని తెలుసు, రేకు దొరుకుతది, పెయింటర్ దొరుకుతడు. ట్రావెలర్ లాంటి వ్యాన్లకు టాప్ ప్రెస్సుల కొట్టి వస్తది కాబట్టి నడుమ జాయింట్లు తక్కువ. దాని శత్రువు జంగు, అది కూడా పైనుంచి రాదు. రెండు పక్కల నీళ్లు కారే గట్టర్ పట్టీ ఉంటది చూడు, అందుల సీలర్ పూస్తరు. ఆ సీలర్ నెర్రెలిస్తే నీళ్లు దాని కింద నిలబడి లోపలి నుంచి తింటది. పైకి మటుకు పెయింటు కింద చిన్న పొక్కులే కనబడతయి. ఆ పొక్కు మీద స్క్రూడ్రైవర్ పిడితోని మెల్లగ ఒత్తు. గట్టిగ ఉంటే సరే, కరకరమని లోపలికి పోతే రేకు అక్కడ అయిపోయినట్టే. ఇంకో పని చెయ్, పాత స్పీకరుల ఉండే అయస్కాంతం ఒకటి గుడ్డల చుట్టుకొని టాప్ మీద నడిపించు. జారిపోయిన చోట పుట్టీ పోసి కప్పెట్టిండ్రు. అమ్మేటోళ్లకు ఇది ఇష్టముండదు, అయినా చెయ్.

ఒక జాగ్రత్త. ఇనుప టాప్‌కు కన్నం పడ్డదని లోపలి సీలింగ్ విప్పకుండ పైనుంచి వెల్డింగ్ పెట్టనియ్యకు. లోపల థర్మోకోల్, ఫోమ్, వైర్లు ఉంటయి. నిప్పు అంటుకున్నది బయటికి కనబడే వరకు లోపల పొయ్యి రాజుకుంటది.

ఇనుము వేడెక్కుతది అంటరు, నిజమే, కానీ మే నెలల రామగుండం దిక్కు ఎండ 45 దాటితే అన్ని టాపులూ వేడెక్కుతయి. తేడా రంగుది, కింద వేసిన ఇన్సులేషన్‌ది. ముదురు నీలం ఫైబర్ టాప్ కన్న తెల్ల పెయింటు కొట్టిన ఇనుప టాప్ చల్లగుంటది. నా షెడ్డు ముంగట రెండూ పక్కపక్క నిలబడితే చెయ్యి పెట్టి చూసిన, అంతకన్న పరీక్ష ఎందుకు.

అల్యూమినియం గురించి జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే 'జంగు పట్టదు' అన్న మాట మీద దాన్ని ఎక్కువ ధరకు అమ్ముతరు. జంగు పట్టదు, తేలిక కూడా. నీ 16 అడుగుల డబ్బా 7 అడుగుల వెడల్పు అనుకో. ఒక మిల్లీమీటరు ఇనుప రేకు వేస్తే టాప్ బరువు సుమారు 80 కిలోలు. 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే 34 కిలోలకు అటూఇటు. బండి నెత్తి మీద అంత బరువు తగ్గితే మూలమలుపుల ఊగుడు తగ్గుతది. ఇదంత మంచే.

కానీ బజార్ల రేకు 8 అడుగులు, 4 అడుగులు కొలతల దొరుకుతది. 16 అడుగుల డబ్బాకు అడ్డంగ వేస్తే నాలుగు రేకులు, మూడు జాయింట్లు, జాయింటుకొక రివిట్ల వరుస. పగటి ఎండకు, రాత్రి చల్లదనానికి రేకు మీద 40 డిగ్రీల తేడా సులువుగ వస్తది. ఆ తేడాకు 16 అడుగుల అల్యూమినియం నాలుగున్నర మిల్లీమీటర్ల దాక సాగి ముడుచుకుంటది. కింది ఇనుప ఫ్రేము అందుల సగమే సాగుతది. రోజూ ఈ గుంజులాటల రివిట్ కన్నం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికొస్తది. మామూలు పాప్ రివిట్‌కు నడుమ మేకు తెగినంక సన్న బెజ్జం మిగులుతది, దాంట్లకెల్లి కూడా నీళ్లు దిగుతయి. మూతి మూసి ఉండే రివిట్లు వేరే ఉంటయి, వాటిని వాడినోళ్లు మన దిక్కు తక్కువ.

ఇంకోటి, అల్యూమినియంను నేరుగ ఇనుము మీద కూర్చోబెట్టి తడి తగిలితే, జంగు పట్టదన్న అల్యూమినియమే ముందు తినుకుపోతది. రివిట్ చుట్టు, స్క్రూ చుట్టు సున్నం లెక్క తెల్లపొడి కనబడితే అదే. మంచి పనోడైతే రెండిటి నడుమ బ్యూటైల్ టేప్ వేస్తడు. ఆ నల్లటి జిగురు అంచు జాయింట్ల కాడ కొంచెం బయటికి పొంగి కనబడితే సంతోషించు, కట్టినోడికి పని తెలుసు. రాళ్లవాన పడ్డ ఏడాది అల్యూమినియం టాప్ మీద సొట్టలు పడతయి, అవి చూపుకే బాగుండవు తప్ప పెద్ద ఫికర్ లేదు. అతుకు వెయ్యాలంటే మాత్రం ఆర్గాన్ గ్యాస్‌తోని వెల్డింగ్ చేసేటోడే కావాలె, మామూలు వెల్డర్‌తోని అయ్యే పని కాదు.

ఫైబర్ టాప్ ఒక్క ముక్కగ పోసింది దొరికితే, నా వరకు డబ్బా బండికి అదే మొదటి పసంద్. జాయింట్లుండవు, జంగు లేదు. ఒక్క ముక్కనా, మూడు ముక్కలు అతికిచ్చిందా అనేది పక్కనుంచి వంగి చూస్తే వెలుగుల గీత కనబడతది. పై నున్నటి పొరను జెల్ కోట్ అంటరు. ఏండ్లకేండ్లు ఎండల ఉంటే అది సుద్ద లెక్కయితది, వేలుతోని రుద్దితే తెల్లగ అంటుతది. అంతవరకైతే పాలిష్, పెయింటుతోని పోతది. కింది దారాలు తేలి చెయ్యి గీసుకుపోతుంటే పొర పూర్తిగ పోయినట్టు, ధరల తగ్గించుకో.

అసలు చూడాల్సింది రెండు. ఏసీ కన్నం నాలుగు మూలలకెల్లి నెర్రెలు బయల్దేరినయా చూడు. మూలను గుండ్రంగ కొయ్యకుండ చదరంగ కోసినోళ్ల పనిల ఇది తప్పకుంట వస్తది. రెండోది, రూపాయి బిళ్ల పట్టుకొని జానెడు జానెడుకు కొట్టుకుంట పో. టక్‌టక్‌మని గట్టిగ పలికితే మంచిది. ఎక్కడన్న డొబ్బుమని బోలు సప్పుడొస్తే లోపలి పొర విడిచింది, లేదంటే కింది ప్లై నానింది. సుద్దముక్కతోని చుట్టు గీసి అమ్మేటాయనకు చూపియ్యి. లోపల సీలింగ్ లేని జాగ ఉంటే చీకట్ల టార్చి ఆనించు. పలచగ పోసిన ఫైబర్‌ల వెలుగు బయటికి తేలుతది, నెర్రె ఉంటే వెంట్రుక లెక్క కనబడతది.

రిపేరు సులువే. గుళ్లకు, పెండ్లిళ్లకు సెట్టింగులు, విగ్రహాలు చేసే ఫైబర్ పనోళ్లు మన దగ్గర ఉన్నరు, మ్యాట్ (గాజు దారాల గుడ్డ), రెజిన్ (దాన్ని తడిపే జిగురు రసం) వాళ్ల చేతుల పనే. వానకాలం ముసురుల మటుకు చేయించకు, తడి మీద రెజిన్ పట్టదు. ఎండకాలం అయితే పొద్దుగాల చేయించు. మధ్యాహ్నం ఎండల హార్డెనర్ (రెజిన్‌ను గట్టిపరిచే మందు) కొలత తగ్గించకపోతే బకెట్లనే గడ్డకడతది. పోయినేడు మా పిల్లగాడొకడు అట్ల రెండు కిలోలు ఆగం చేసిండు.

ఇగ రబ్బర్. ఇది అమెరికా దిక్కు ట్రైలర్లకు బాగ వేస్తరు. ఈపీడీఎం అని ఒకటి, టీపీఓ అని ఒకటి. మొదటిది నిజంగ రబ్బరే. పై తెల్లపూత ఎండకు సుద్దయి వానకు గోడల మీద తెల్ల చారలు కడతది. రెండోది ప్లాస్టిక్ జాతి, వేడిగాలితోని జాయింట్లు అతికించొచ్చు. రెండూ చెడ్డవి కావు. అక్కడ చూసుకునేటోళ్లు చూసుకుంటే పదిహేనేండ్లు కూడా వస్తయి, ఎందుకంటే అంచుల సీలెంట్ ఏడాదికి రెండుసార్లన్న చూసి మళ్ల పూస్తరు. దానికి తగ్గ సీలెంట్, ముక్కలు, జిగురు వాళ్లకు పక్క దుకాణంల దొరుకుతయి. నువ్వు హన్మకొండల ఎక్కడ తెస్తవు?

మన అలవాట్లు కూడా దానికి పడవు. మరక తుడవాలంటే మన పిల్లలు బట్టను కిరోసిన్‌ల ముంచుతరు. ఈపీడీఎంకు కిరోసిన్, డీజిల్, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడతది. చినిగిన కాడ తారు టేపు వేస్తరు, ఆ తారు కూడా దానికి విషమే. సిలికాన్ వేస్తే పట్టుకోదు, పైగా ఆ జిడ్డు మీద తర్వాత అసలు సీలెంట్ కూడా అంటదు. తాడ్వాయి అడవిల రోడ్డు మీదికి వంగిన కొమ్మ ఇనుప టాప్‌ను గీరుతది, రబ్బర్‌ను చీరుతది.

వీటన్నిటికన్న కోతులు. ఏ గుడి కాడ ఆపినా ఏం జరుగుతదో నీకు తెల్వంది కాదు. గూన పెంకలే పీకి చూసే కోతికి అంచు లేచిన రబ్బర్ దొరికితే ఊకుంటదా! ఒక ట్రైలర్ టాప్ చూసిన, వెనక మూల నుంచి మూరెడు ఒలిచినయి, అరటిపండు తొక్క తీసినట్టు. కింద ప్లై బయటపడ్డది, దాని మీద రెండు వానలు పడ్డయి. రబ్బర్ కింద ఎప్పుడూ ప్లైయో చెక్క పలకో ఉంటది, అది మెత్తబడ్డదంటే ఇంక టాప్ మొత్తం లేపుడే. అందుకే ట్రైలర్ చూసేటప్పుడు మీద పలక వేసుకొని మోకాళ్ల మీద పోయి, అరచేతితోని మూలమూల ఒత్తి చూడు. పరుపు లెక్క దిగితే కిందికి దిగి రా, ఇంక మాట్లాడేది లేదు.

చూసేందుకు పోయేటప్పుడు పొద్దుగాల పో, బండి కడగొద్దని ముందు రోజే ఫోన్ చేసి చెప్పు. ముందుగాల లోపలికెక్కి తలుపులన్నీ మూసి ఒక్క నిమిషం వాసన చూడు. అగరొత్తులు, సెంటు గుప్పుమంటే అనుమానపడు. పై అల్మారాలు తెరిచి మూలల్ల చెయ్యి పెట్టు, సీలింగ్ కొత్త స్టిక్కర్ ఎక్కడ అతికించిండ్రో అక్కడ ఒత్తు. తర్వాత పైపు పెట్టి నీళ్లు కొట్టించు, కానీ ఒక్కసారిగ టాప్ మీద పొయ్యకు. కింద కిటికీల కాడ మొదలుపెట్టి పదేసి నిమిషాలకు ఒక్కో అడుగు పైకి రా. నేరుగ పైన పోస్తే నీళ్లు అన్ని దిక్కులా కారి ఎక్కడ దూరిందో ఎవ్వనికీ తెల్వదు. ఒకసారి ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టి, ఒకసారి వెనక చక్రాలు పెట్టి కొట్టించు, నా మార్కర్ లైటు కథ మర్చిపోకు. వ్యాక్యూమ్ క్లీనర్‌ను ఊదే దిక్కు తిప్పి, కిటికీ సందుల పెట్టి చుట్టూ టేపు వేసి లోపల గాలి నింపి, బయట టాప్ మీద సబ్బు నీళ్లు చల్లితే కన్నం ఉన్న కాడ బుడగలొస్తయి. పంచరు షాపుల ట్యూబు ముంచినట్టే అనుకో. మేం షెడ్డుల ఇదే చేస్తం.

తడి కనబడ్డ ప్రతిదీ కురిసినట్టు కాదు, ఇది కూడా విను. చలికాలం ఆదిలాబాద్ దిక్కు రాత్రి ఆపి ఆరుగురు కిటికీలు మూసుకొని పండుకుంటే తెల్లారేసరికి సీలింగ్‌కు నీటి బొట్లుంటయి. అది మీ ఊపిరే, స్టవ్ మీద చాయ పెట్టిన ఆవిరే. మరకలు అడ్డం పట్టీల వెంబడి, సమాన దూరంల, గీతలు గీతలుగ ఉంటే ఇనుప పట్టీ చల్లబడి అక్కడ ఆవిరి నీళ్లయింది. ఒక్కచోట మొదలై గోధుమ రంగు అంచుతోని పటం లెక్క పరుచుకుంటే అది వాన నీళ్లు. మొదటిదానికి గాలి ఫ్యాను, ఇన్సులేషన్ చాలు. దాన్ని కురుస్తుందనుకొని టాప్ విప్పించినోళ్లను చూసిన.

కొన్నంక ఏ టాప్ అయినా పుల్లగ వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం వాడకు, ఇనుముకు జంగు తెచ్చేదే అది. కన్నం కింద బ్యూటైల్ టేప్, పైన పీయూ (పాలీయూరితేన్) సీలెంట్, దాని మీద ఎండ తగలకుండ పెయింటు. పాతది పూర్తిగ గీకి తీసినంకనే కొత్తది. సోలార్ ప్లేట్లు పెడితే వైరు టాప్ మీద ఏలాడనియ్యకు, పైపుల వెయ్యి, మళ్ల కోతులే.

కాగితాల సంగతి ఒక్క మాట. ట్రావెలర్‌కు టాప్ కోసి ఎత్తు పెంచిన ఫైబర్ టాప్ గానీ పెట్టి ఉంటే, ఆర్సీల ఆ మార్పు ఎక్కిందో లేదో చూడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చెల్లదు, ఇన్సూరెన్సోళ్లు కూడా క్లెయిమ్ కాడ అదే పట్టుకుంటరు. రేకు కింద జంగు కన్న ఇది పెద్ద తలనొప్పి.

నీ నాలుగిట్ల, రాసినదాన్ని బట్టి నేనైతే మొదట ట్రావెలర్ చూస్త, తర్వాత ఫైబర్ డబ్బా. ట్రావెలర్ ఆయన 'పోయినేడే టాప్‌కు కొత్త పెయింటు కొట్టించిన' అన్నడని రాసినవు. అది నాకు నచ్చలే. టాప్ ఒక్కదానికే ఎందుకు కొట్టించిండు? అయస్కాంతం పట్టుకొని పో, రెండు దిక్కుల గట్టర్ పట్టీ, ముందు మార్కర్ లైట్ల కింద, వెనక డోరు పై అంచు దగ్గరగ ఫోటోలు తీసి పెట్టు. ఫ్లాష్ వెయ్యకుండ, పక్కనుంచి ఎండ పడేటప్పుడు తియ్యి, పొక్కులు అప్పుడే కనబడతయి.